ఇద్దరు గీసిన జేబులమ్మ

పిల్లల కార్టూన్ సీరియల్‌కు ఒక కొత్త పాత్ర కావాలని హేమచంద్ర అడిగినప్పుడు జెరూషాకు మొదట ఏమీ తోచలేదు. బేగంపేటలో ఒక పాత బిల్డింగ్ పై అంతస్తులో వాళ్ల స్టూడియో. అక్కడ ఆమె పని పాత్రలకు రూపం ఇవ్వడం. కథ రాసేవాళ్లు "ఒక పెద్దావిడ, పిల్లలంటే ఇష్టం" అని ఒక్క ముక్క రాసిస్తారు. ఆ పెద్దావిడ లావా, సన్నమా, ఎలా నిలబడుతుంది, కోపం వస్తే కనుబొమలు ఎటు పోతాయి, వెనక నుంచి చూస్తే ఎలా ఉంటుంది అన్నవన్నీ తేల్చాల్సింది జెరూషా. ఆమె తేల్చాక మిగతావాళ్లు ఆ బొమ్మను కదిలిస్తారు.

ఆ ఒక్క ముక్కతో ఆమె చాలా రోజులు కుస్తీ పట్టింది. గీసిన ప్రతి పెద్దావిడా ఎక్కడో చూసినట్టే ఉండేది. తెల్లటి ముడి, కళ్లజోడు, చేతికర్ర. హేమచంద్రది తెనాలి. స్టూడియో ఆయనదే అయినా ఎవరి మీదా గొంతు పెంచడు. ప్రతి బొమ్మనూ ఓపిగ్గా చూసి, "బావుందమ్మా, కానీ ఈవిడ మనందరికీ తెలిసినావిడే" అని పక్కన పెట్టేవాడు.

ఒక వానపడే మధ్యాహ్నం, కరెంటు పోయి కంప్యూటర్లన్నీ ఆగిపోయినప్పుడు, జెరూషా ఊరికే కాగితం మీద పెన్సిలుతో గీతలు గీస్తూ కూర్చుంది. కరెంటు వచ్చేసరికి కాగితం మీద ఒక మనిషి నిలబడి ఉంది. కరెంటు స్తంభమంత పొడుగు. చీర మీద మగవాళ్లు వేసుకునే ముదురాకుపచ్చ స్వెటర్. దానికి సంచుల్లా వేలాడే రెండు జేబులు. నల్ల బొత్తాల వరసలో మూడోది మాత్రం ఎర్రది.

హేమచంద్ర ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. తర్వాత నవ్వాడు.

"ఈవిడెవరో నాకు తెలీదు జెరూషా. కానీ తెలుసుకోవాలనిపిస్తోంది."

అలా పుట్టింది జేబులమ్మ. ఏ పిల్లలకు ఏం కావాలన్నా ఆమె జేబులో దొరుకుతుంది. కాకపోతే ముందుగా, కావలసినది తప్ప మిగతావన్నీ బయటికి వస్తాయి. తాళం చెవి కోసం చెయ్యి పెడితే చెంచా, చెంచా కోసం పెడితే పిల్లిపిల్ల. చానెల్ వాళ్లకు నచ్చింది. మొదటి ఎపిసోడ్లు తయారయ్యాయి. ఒక సోమవారం పొద్దున చిన్న టీజర్‌ను నెట్‌లో పెట్టారు. జేబులమ్మ నడిచి వచ్చి, జేబులోంచి గొడుగు తీయబోయి, ఒక అరటిపండు తీసి ఇబ్బందిగా నవ్వుతుంది. అంతే. చూసినవాళ్లంతా బాగుందన్నారు. జెరూషా ఆ రెండు రోజులూ ఫోన్ కింద పెట్టలేదు.

బుధవారం మధ్యాహ్నం హేమచంద్ర ఆమెను తన గదిలోకి పిలిచి తలుపు వేశాడు. ఆ గది తలుపు వేసి ఉండగా జెరూషా ఎప్పుడూ చూడలేదు.

"కూర్చోమ్మా" అని తన ఫోన్ ఆమె ముందుకు జరిపాడు.

ఫోన్‌లో ఒక బొమ్మ. పొడుగాటి ఆడమనిషి. ముదురాకుపచ్చ స్వెటర్, వేలాడే జేబులు, ఎర్రటి మూడో బొత్తాం. మెడలో విజిల్. ఒక్క క్షణం జెరూషా అది తన బొమ్మే అనుకుంది. ఎవరో విజిల్ తగిలించారేమో అనుకుంది. కింద 'స్వెటర్ పెద్దమ్మ, త్వరలో' అని ఉంది. ఎవరిదో వేరే స్టూడియో పేరు ఉంది.

"మాదాపూర్‌లో చిన్న స్టూడియో అట. ఇందాక ఫోన్ చేశారు. వాళ్ల డిజైనర్ ఏడాది పైనుంచీ గీస్తున్నాడట ఈవిణ్ణి. మనం కాపీ కొట్టామంటున్నారు. టీజర్ తీసేయకపోతే లాయర్ దగ్గరికి వెళ్తారట." ఆయన కొంచెం ఆగాడు. "నేను నిన్ను అనుమానించట్లేదు. కానీ ఒక్క మాట అడగాలి. ఎక్కడైనా చూశావా దీన్ని? కావాలని కాదు. తెలియకుండా, ఎప్పుడైనా?"

'లేదు సార్' అన్న మాట జెరూషా గొంతు దాకా వచ్చింది. అక్కడే ఆగిపోయింది. రోజుకు ఎన్ని వందల బొమ్మలు తన కళ్ల ముందు నుంచి దొర్లిపోతాయో ఆమెకు తెలుసు. వాటిలో ఒకటి ఎక్కడో లోపల అతుక్కుపోయి, ఆ వానరోజున తన చేతిలోంచి బయటికి వచ్చి ఉంటే?

"చూసినట్టు గుర్తు లేదు సార్" అంది.

అది నిజమే. కానీ తన చెవులకే అది తప్పించుకునే మాటలా వినిపించింది. హేమచంద్ర తలూపి, తన ఫోన్ వెనక్కి తీసుకున్నాడు. టీజర్‌ను ఆ సాయంత్రమే తీసేశారు.

*

బోయిగూడలో వాళ్ల ఇంటికి చేరేసరికి తల్లి ప్రేమమణి చాప మీద కూర్చుని గోంగూర ఒలుస్తోంది. ఆమె టీచరుగా రిటైరైంది. తండ్రి రైల్వేలో పనిచేసేవాడు. జెరూషా చిన్నప్పుడు ఆయనకు గుంతకల్లు బదిలీ అయితే అందరూ వెళ్లిపోయారు. ఆమె కాలేజీలో చేరే వేళకు మళ్లీ ఇదే పేటకు తిరిగి వచ్చారు. తండ్రి పోయి కొన్నేళ్లయింది. ఇప్పుడు ఇంట్లో ఇద్దరే.

స్టూడియో బొమ్మలు విడుదలయ్యే దాకా ఇంట్లో కూడా చూపించకూడదు. టీజర్ వచ్చాక కూడా, ఆదివారం చర్చి నుంచి వచ్చాక పెద్ద స్క్రీన్ మీద చూపిద్దామని జెరూషా ఆగింది. ఇప్పుడు ఆగలేక ఫోన్ తీసి తల్లి చేతికిచ్చింది.

"అమ్మా, ఈమెను చూడు. నేను గీసింది."

ప్రేమమణి కళ్లజోడు సరిచేసుకుంది. బొమ్మను దగ్గరగా, దూరంగా పెట్టుకుని చూసింది.

"బాగుందే. అయినా ఈవిణ్ణి నేను ఎక్కడో చూశాను."

జెరూషా గబుక్కున ముందుకు వంగింది. "ఎక్కడ? టీవీలోనా?"

"టీవీలోనేమో మరి. ఎక్కడో చూసిన మనిషే. ఏమే, అలా పాలిపోయావేం?"

జెరూషా జరిగిందంతా చెప్పింది. ప్రేమమణి మధ్యలో ఒక్క ప్రశ్నా వేయకుండా విని, కూర పొయ్యి మీద పెట్టి వచ్చి, అన్నాల దగ్గర కూర్చున్నాక కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది. తిండికి కృతజ్ఞతలు చెప్పాక ఆగకుండా, "నా బిడ్డ దొంగ కాదని నీకు తెలుసు ప్రభువా" అంది.

"అమ్మా," అంది జెరూషా కళ్లు తెరిచి, "నాకే తెలీదమ్మా ఆ సంగతి."

ప్రేమమణి ప్రార్థన ఆపి కూతురి ముఖం చూసింది. కంచంలో అన్నం పెట్టింది. జెరూషా రెండు ముద్దలు తిని లేచిపోయింది.

మర్నాడంతా ఆఫీసులో ఆమె తన కంప్యూటర్‌లో దాచుకున్న బొమ్మలన్నీ తిరగేసింది. నచ్చాయని దాచుకున్నవి, పనికొస్తాయని దాచుకున్నవి, ఎందుకు దాచుకుందో తెలియనివి. ఆకుపచ్చ స్వెటర్ ఎక్కడా లేదు. కానీ లేకపోవడం వల్ల మనసు తేలిక పడలేదు. దాచుకోనివాటిలో ఉండి ఉండవచ్చు కదా. పని మీద ధ్యాస మళ్లించుకుందామని ఒక కొత్త కుర్రాడి బొమ్మ మొదలుపెట్టింది. ముక్కు గీయగానే ఈ ముక్కు ఎవరిది అనిపించింది. చెరిపి వేరే ముక్కు గీసింది. అదీ ఎవరిదో అనిపించింది. పాతికేళ్లుగా, బొగ్గు ముక్క పట్టుకోవడం వచ్చిన నాటి నుంచీ తనది అనుకున్న పని ఒక్కటే. అది కూడా తనది కాదేమో అన్న ఆలోచన రాగానే ఆమె చేతిలోంచి పెన్ను కింద పెట్టేసింది.

*

"లాయర్లు మాట్లాడుకునేలోపు గీసినవాళ్లిద్దరూ ఒకచోట కూర్చుంటే మంచిది" అన్నాడు హేమచంద్ర. ఆయనే ఫోన్ చేసి వాళ్లను పిలిచాడు. శుక్రవారం వాళ్ల తరఫున డిజైనర్ నాగసాయి ఒక్కడే వచ్చాడు. ఆ చిన్న స్టూడియోలో అతనికి కూడా వాటా ఉంది. జెరూషా వయసే ఉంటుంది. చంకలో లాప్‌టాప్, నిద్ర లేని కళ్లు. కోపంగా వస్తాడనుకున్న మనిషి ఏదో పోగొట్టుకున్నవాడిలా కనిపించాడు.

"చూడుండ్రి సార్, నేను కొట్లాటకు రాలే" అన్నాడు కూర్చోగానే. "ఏడాది సంది ఈమెను గీస్తున్న. మస్తు తక్లీఫ్ పడ్డ. మొన్న లేచి ఫోన్ చూస్తే మీ టీజర్ల నా పెద్దమ్మ నడుస్తుంది. ఎట్లుంటది చెప్పుండ్రి? ఇంట్ల మనిషిని ఎవరో తోల్కపోయినట్టు అనిపిచ్చింది."

"నేను మీది చూడలేదండీ" అంది జెరూషా. ఆ మాట అన్నాక, "చూసినట్టు తెలియదు" అని కూడా కలిపింది.

నాగసాయి ఆమె వంక తేరిపార చూశాడు. "గట్ల చెప్తున్నరంటే, అబద్ధం ఆడుతలేరు మీరు. ఆడేటోళ్లయితే గట్టిగ చెప్తుండె."

రెండు బొమ్మలూ బల్ల మీద పక్కపక్కన పెట్టారు. తేడాలు లేకపోలేదు. అతని పెద్దమ్మకు జడ, ఈమె జేబులమ్మకు ముడి. అతనిదానికి విజిల్ ఉంది. కానీ స్వెటర్, జేబులు, పొడుగు, ఎర్ర బొత్తాం ఒకటే.

"ఈ ఎర్ర బొత్తాం ఎందుకు పెట్టారు బాబూ?" అని హేమచంద్ర అడిగాడు.

"ఊకనే సార్. గట్ల ఉంటే బాగుంటదనిపిచ్చింది."

"నువ్వు, జెరూషా?"

"నేనూ ఊరికే పెట్టాను సార్. అది లేకపోతే ఈమె ఈమె కాదనిపించింది."

హేమచంద్ర రెండు బొమ్మల్నీ ఇంకాస్త దగ్గరికి జరిపాడు. పాత్ర ఎవరిదైనా తను కాక ఆమెను బాగా ఎరిగినవాడు ఇతనొక్కడే కదా అన్న ఆలోచన జెరూషాకు అప్పుడు వచ్చింది. కాబట్టి తను ఏ డిజైనర్‌నైనా అడిగే ప్రశ్న అడిగింది.

"మీ పెద్దమ్మ ఎలా నడుస్తుంది?"

నాగసాయి ముఖంలో మొదటిసారి కొంచెం వెలుగు వచ్చింది. "మామూలుగ అందరి లెక్కనే నడుస్తది. రోడ్డు దాటేటప్పుడు మాత్రం అడ్డంగ నడుస్తది. ఇగో, ఇట్ల." అతను లేచి నిలబడ్డాడు. ముఖం కిటికీ వైపు తిప్పి, ఒక చెయ్యి ముందుకు చాచి వచ్చే బండ్లను ఆపినట్టు పెట్టి, రెండో చెయ్యి వెనక్కి పెట్టి, ఎండ్రకాయలా పక్కకు అడుగులేశాడు. "మొఖం బండ్ల దిక్కు, ఎన్క చెయ్యి పిల్లల దిక్కు."

జెరూషా లేచింది. గది మూలనున్న కంప్యూటర్ దగ్గరికి వెళ్లి, ఇంకా పూర్తి కాని ఒక ఎపిసోడ్ తెరిచి, స్క్రీన్ అతని వైపు తిప్పింది. జేబులమ్మ రోడ్డు దాటుతోంది. అడ్డంగా. ముఖం బండ్ల వైపు, వెనక చెయ్యి పిల్లల వైపు.

నాగసాయి మెల్లగా కూర్చున్నాడు. "ఇది బయటికి ఇడిసిండ్రా?"

"లేదు. మా టీమ్ తప్ప ఎవరూ చూడలేదు."

"నేను సుత ఎవ్వరికి చూపియ్యలే. ఈ నడక ఇంక గియ్యనే లేదు. నా తలకాయల ఉంది గంతే."

అయితే ఆమె దీన్ని అతని దగ్గర దొంగిలించలేదు. అతనూ ఆమె దగ్గర దొంగిలించలేదు. కానీ ఇద్దరి దగ్గరికీ ఇది ఎక్కడినుంచి వచ్చినట్టు?

"మీరిద్దరూ ఎప్పుడైనా కలిశారా? ఒకే కాలేజీయా?" అన్నాడు హేమచంద్ర. కాదు. "ఒకే ఆఫీసులో ఏమైనా?" కాదు. "చిన్నప్పుడు?"

"నేను బోయిగూడల పెరిగిన సార్" అన్నాడు నాగసాయి. "రైలు పట్టాల దిక్కు చిన్న ఇంగ్లీష్ మీడియం స్కూల్ ఉంటుండె. అయిదు దాక ఆడనే. ఇప్పుడు లేదది, మూసేసిండ్రు."

"నీలం రంగు గేటా?" అంది జెరూషా.

"అవ్. మీకెట్ల తెలుసు?"

"నేను ఎల్‌కేజీ, యూకేజీ అక్కడే చదివాను. తర్వాత మేం ఊరు మారిపోయాం. మా నాన్న స్కూటర్ మీద తీసుకెళ్లి రోడ్డుకు ఇవతలే దింపేవారు. అక్కడి నుంచి..."

ఆమె మాట ఆగిపోయింది. అక్కడి నుంచి ఎవరో చెయ్యి పట్టుకునేవారు. ముఖం గుర్తు రాలేదు. చెయ్యి వచ్చింది. గరుకుగా, వెచ్చగా, తన పిడికిలి మొత్తాన్ని మూసేసే చెయ్యి. చెంపకు రాసుకునే ఉన్ని. ఆ ఉన్నిలో వక్కపొడి వాసన. కళ్లకు సరిగ్గా ఎదురుగా ఒక ఎర్రటి చుక్క.

"ఆయమ్మ" అన్నాడు నాగసాయి చాలా నెమ్మదిగా. "కమలాబాయి ఆయమ్మ."

జెరూషాకు ఏడుపు వచ్చింది. ఆపుకోవాలని కూడా అనిపించలేదు. నాగసాయి తల పట్టుకుని నవ్వుతున్నాడు. "ఏడాది సంది గీస్తున్న, ఒక్కపారి సుత యాదికి రాలే! నా సొంతంగ పుట్టిచ్చిన అనుకున్న!" హేమచంద్ర కుర్చీలో వెనక్కి వాలి, పైకి చూస్తూ, "హమ్మయ్య" అన్నాడు. తర్వాత తలుపు తీసి ముగ్గురికీ టీ చెప్పాడు.

టీ సగం తాగాక ఆయనే మళ్లీ కదిలాడు. "అయితే ఇప్పుడు ఇంకో సంగతి ఉందర్రా. ఆవిడ నిజం మనిషి. బతికుంటే మాత్రం వెళ్లి అడగాలి. అడక్కుండా నేను ఒక్క బొమ్మ కూడా బయటపెట్టను."

జెరూషా టీ కప్పు కింద పెట్టేసింది. పిల్లల్ని చూసుకుని బతికిన మనిషి. తనను కార్టూన్ చేసి, జేబులోంచి అరటిపండు తీయించి, ఊరందరితో నవ్విస్తున్నారని తెలిస్తే ఏమనుకుంటుంది?

*

నాగసాయి వాళ్లమ్మకు బోయిగూడలో తెలియని ఇల్లు లేదు. ఆమె ఎవరినో అడిగింది, వాళ్లు ఇంకెవరినో అడిగారు. కమలాబాయి బతికే ఉందనీ, ఏ.ఎస్. రావు నగర్‌లో కూతురి దగ్గర ఉంటోందనీ తేలింది. ఆదివారం చర్చి అయ్యాక జెరూషా ఆటోలో వెళ్లింది. నాగసాయి అప్పటికే సందు మొదట్లో బండి ఆపుకుని నిలబడి ఉన్నాడు.

"నాకు మస్తు పరేషాన్ అయితుంది" అన్నాడు.

"నాకూ."

తలుపు తీసింది కూతురు కుసుమకుమారి. ఫోన్‌లో ముందే మాట్లాడారు కాబట్టి లోపలికి రమ్మని కుర్చీలు చూపించింది. "అమ్మకు చెవులు మంచిగనే వినిపిస్తయి. గట్టిగ మాట్లాడకుండ్రి, కోపం చేస్తది" అని చెప్పి లోపలికి కేకేసింది.

లోపలి గది తలుపు దగ్గర అలికిడి అయింది. జెరూషా, నాగసాయి ఇద్దరూ లేచి ఆ తలుపు పైభాగం వంక చూశారు. అక్కడ ఎవరూ లేరు. ఇద్దరి చూపులూ కిందికి దిగాయి. జెరూషా భుజం దాకా కూడా లేని ఒక ముసలామె, తెల్ల జుట్టు బిగించి దువ్వుకుని, వాళ్లనే చూస్తోంది.

"ఎవరికోసం చూస్తున్నరు పైకి?" అంది.

ఇద్దరూ నమస్కారం పెట్టారు. తాము ఎవరో, ఏ స్కూలో చెప్పారు. కమలాబాయి మంచం అంచున కూర్చుని తల అడ్డంగా ఊపింది. "స్కూల్ యాదికుంది. మీరు యాదికి లేరు బిడ్డా. ఎందరో పోరగాండ్లు. అందరు ఒక్క తీర్గనే ఏడుస్తుండె."

జెరూషా రెండు బొమ్మలూ కాగితం మీద తీయించి తెచ్చింది. ఆమెకు అందించింది. ముసలామె వాటిని వెలుతురు వైపు పట్టుకుంది.

"ఈ పొడుగామె ఎవరు?"

"మీరే ఆయమ్మా" అన్నాడు నాగసాయి.

కమలాబాయి బొమ్మను చూసింది, వాళ్లను చూసింది, కూతురిని చూసింది. ముఖంలో ఏమీ కనబడలేదు. బయట కూరగాయల బండివాడు మైకులో టమాటా, టమాటా అని అరుస్తూ వెళ్లాడు.

"నేనెన్నడు గింత పొడుగున్న?" అంది చివరికి. ఆమె వేలు బొమ్మ మీద కిందికి జరిగి స్వెటర్ దగ్గర ఆగింది. "ఆఁ. స్వెటర్ నాదే. మా ఆయనది. రైల్వేల చేస్తుండె. ఆయన పోయినంక నేను తొడిగిన."

"ఎండాకాలం కూడా వేసుకునేవారు కదా?" జెరూషా అడిగింది. "మీకు చలి ఎక్కువేమో అనుకునేదాన్ని."

"చలి కాదమ్మా. చీరకు జేబులుండయి గద! పోరగాండ్ల సామాన్లు యాడ పెట్టాలె? పిన్నీసులు, చేతి రుమాళ్లు, రబ్బరు బ్యాండ్లు. పండ్లు సుత."

"అరటిపండ్లా?"

"నోట్లె పండ్లు!" కమలాబాయి తన ముందు పళ్లు వేలితో కొట్టి చూపించింది. "పాలపండ్లు ఊడుతయి గద స్కూల్ల. ఊడంగనే ఏడుపు షురూ. గా పన్ను కాయిదంల చుట్టి, పేరు అడిగి, జేబుల ఏస్కొని సాయంత్రం వాళ్లమ్మ చేతికిచ్చేది. ఒక్కరిది సుత మారలే."

కుసుమకుమారి ముక్కు మీద వేలేసుకుంది. "ఇది నాకు సుత చెప్పలే ఎన్నడు."

"నువ్వెన్నడు అడిగినవ్?"

"మరి ఈ ఎర్ర గుండీ?" అన్నాడు నాగసాయి ముందుకు వంగి.

"ఎవరో పోరడు. లోపలికి పోనని నన్ను పట్టుకొని ఏడ్సుకుంట పీకి పారేసిండు. ఇంట్ల ఎర్రదుంటే అది కుట్టిన. పేరు అడగకు, నాకు తెల్వదు."

నాగసాయి ఆ పోరడు తానే అయి ఉంటే బాగుండునన్నట్టు చూశాడు. జెరూషా తన బొమ్మ వైపు చూపించి మెల్లగా అడిగింది. "మీరు అడ్డంగా నడిచేవారు ఆయమ్మా, రోడ్డు దాటేటప్పుడు. బండ్లన్నీ మిమ్మల్ని చూసి ఆగిపోయేవి. మాకు మీరు అంత పొడుగ్గా కనిపించేవారు."

"నిజమా?" అంది ముసలామె. ఆ మాట ఆమె నోట్లోంచి చాలా చిన్నగా వచ్చింది. "నాకు రోడ్డంటే మస్తు భయం బిడ్డా. చిన్నప్పుడు మా చెల్లెను లారీ గుద్దింది నా కండ్ల ముందట. గందుకే బండ్ల దిక్కే చూసుకుంట నడుస్తుండె, కండ్లు తిప్పుతే ఏమైతదో అని. దినాం గుండె దడదడ కొట్టుకునేది. మీకు ఎర్కయితదేమో అనుకునేదాన్ని. పిల్లలకు ఎర్కయితే భయపడుతరు గద."

"మాకు ఏమీ తెలియలేదు" అంది జెరూషా. "ఒక్కసారి కూడా."

కమలాబాయి తలూపింది. ఏళ్ల తరబడి మోస్తున్న ఏదో బరువును పక్కన దింపినట్టు ఆమె భుజాలు కొంచెం కిందికి వచ్చాయి. "మంచిగైంది" అంది. "మంచిగైంది పోనీ."

అప్పుడు జెరూషా అడగవలసినది అడిగింది. "మీకు ఇష్టం లేకపోతే ఈ బొమ్మలు తీసేస్తాం ఆయమ్మా. ఎక్కడా రావు."

"తీసేస్తే ఈమె ఏమైతది?"

"ఉండదు."

"ఉండనియ్యి" అంది వెంటనే. తర్వాత ఏదో తట్టినట్టు వేలు ఎత్తింది. "గానీ పిల్లల్ని కొట్టనియ్యకుండ్రి ఈమెతోని. నేను ఒక్కర్ని సుత కొట్టలే. ఇగో, ఈ విజిల్ తీసెయ్యి. నేనెన్నడు విజిల్ పట్టలే. అది డ్రిల్ సార్‌ది."

"జెర ఆలోచిస్త ఆయమ్మా, విజిల్ మంచిగుంటది..." అని నాగసాయి నసిగాడు.

"తీసెయ్యమంటే తీసెయ్యి."

కుసుమకుమారి పకపకా నవ్వింది. అందరూ నవ్వారు. ఆమె చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్లింది. ఆ కాసేపట్లో నాగసాయి లాప్‌టాప్ సంచిలోంచి ఒక కాగితం తీసి, మోకాలి మీద పెట్టుకుని, మంచం అంచున కూర్చున్న మనిషిని చూస్తూ గీశాడు. గుండ్రటి పొట్టి మనిషి. స్వెటర్ మోకాళ్ల దాకా వచ్చింది. ఎదురుగా లారీ ముందు భాగం, కాగితమంతా నిండిపోయేంత పెద్దది. ఆమె చాచిన చెయ్యి లారీ హెడ్‌లైటు దాకా కూడా రాలేదు. కళ్లు భయంతో పెద్దవై ఉన్నాయి. వెనక, ఆ కళ్లు కనబడని పిల్లలు నిశ్చింతగా కబుర్లు చెప్పుకుంటున్నారు.

కాగితం జెరూషా చేతికిచ్చాడు. "నాది ఇట్ల ఉంటది ఇగ. పొట్టిగ, భయపడుకుంట. మీరు మీ జేబులమ్మను పొడుగ్గనే ఉంచుండ్రి. మనకు గట్లనే కనిపిచ్చింది గద."

జెరూషా ఆ బొమ్మ వంక చూసింది. అది జేబులమ్మ కాదు. ఎవరు చూసినా కాదనే అంటారు. దానికి వేరే కథ ఉంది, ఆ కథ మొదటి ముక్క అప్పుడే కాగితం మీదికి వచ్చేసింది. కొంచెం అసూయ కూడా కలిగింది ఆమెకు, అంత బాగుంది.

"పాలపళ్లు మాత్రం నాకిచ్చేయండి" అంది.

"తీస్కోండ్రి" అన్నాడు నాగసాయి నవ్వుతూ.

కమలాబాయి కొత్త బొమ్మను అడిగి తీసుకుంది. ఈసారి వెలుతురు వైపు పట్టుకోలేదు, ఒళ్లో పెట్టుకుంది. "గిది నేను" అంది.

*

సందు చివరికి రాగానే జెరూషా హేమచంద్రకు ఫోన్ చేసి అంతా చెప్పింది. అవతల నుంచి పెద్ద నిట్టూర్పు వినిపించింది.

"మా ఆవిడ మొన్నట్నుంచీ నా బీపీ చూస్తూనే ఉందమ్మా. ఇప్పుడు చెప్తాను మిషను లోపల పెట్టెయ్యమని. టైటిల్స్‌లో ఆవిడ పేరు వేద్దాం. మొదటే వేద్దాం, చివర్న కాదు. ఆ అబ్బాయికి కూడా చెప్పు, వాళ్లూ వేసుకుంటే బావుంటుంది." మళ్లీ ఏదో గుర్తొచ్చినట్టు, "టీజర్ రేపు పెట్టేయమంటావా?" అన్నాడు.

"పెట్టేయండి సార్."

నాగసాయి ఆ మాటలన్నీ విని, హెల్మెట్ పెట్టుకుంటూ, "పేరు మేము సుత ఏస్తం. ఎట్ల ఏస్తమో ఆయమ్మకు చూపిచ్చినంకనే ఏస్తం, లేకుంటే అది సుత తీసెయ్యమంటది" అని బండి తీశాడు.

ఇంటికి వచ్చి జెరూషా తల్లికి ఆ చెయ్యి గురించీ, ఉన్ని గురించీ, పాలపళ్ల గురించీ చెప్పింది. ప్రేమమణి నుదురు కొట్టుకుంది. "అవునే! ఆ ఆయమ్మే! మీ నాన్నకు జ్వరం వచ్చినప్పుడు నేను రెండు మూడుసార్లు దింపి, సాయంత్రం తీసుకొచ్చాను నిన్ను. ఆవిడ చెయ్యి వదిలి నా దగ్గరికి రమ్మంటే రానన్నావు. నాకెంత కష్టమేసిందో ఆ రోజు." ఆమె నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. "ఉండు, అన్నం వండేస్తాను. తింటావా సరిగ్గా ఇవాళైనా?"

"చాలా తింటాను" అంది జెరూషా. దీవాన్ మీద ఒరిగి, అన్నం ఉడికేలోపు ఒక్క నిమిషం కళ్లు మూసుకుందామనుకుంది. కిటికీలో ఇంకా వెలుతురు ఉంది. సందులో పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. బంతి ఎవరి గోడకో తగిలింది, ఎవరో కేకలేశారు. అవేవీ ఆమెకు వినబడలేదు.

కాసేపటికి ఆమె ఫోన్ మోగింది. ప్రేమమణి వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, స్క్రీన్ మీద హేమచంద్ర పేరు చూసి, గుమ్మం అవతలికి వెళ్లి మాట్లాడింది.

"పడుకుందండీ. నాలుగు రోజులైంది సరిగ్గా నిద్రపోయి. లేపను. ఏమున్నా రేపు చెప్పండి, సరేనా?"

ఫోన్ పెట్టేసి లోపలికి వచ్చి, ఫ్యాను ఒక్క పాయింటు తగ్గించి, పొయ్యి మంట కూడా తగ్గించింది.